జేపీ ఎన్ని ముఖాల నటుడు? దర్శిలో మామా అల్లుళ్ల వాదం

జయప్రకాశ్ రెడ్డిని బహుముఖ నటుడు అనడం అల్లుడికి సుతరామూ ఒప్పుదల కాదు. మంచి నటుడు అను, హడలెత్తించినోడు అను, కడుపుబ్బ నవ్వించినోడు అను, అన్నీ ఒప్పుకుంటాను. కానీ బహుముఖం అన్న మాట ఎస్వీ రంగారావు లాంటోళ్లకు దాచిపెట్టుకున్న మాట, దాన్ని కనపడినోళ్లందరికీ చిల్లర పంచినట్టు పంచొద్దు అంటాడు. మామకు ఆ లెక్క నచ్చదు. నటుడికి ఎన్ని వేషాలు దొరికాయో లెక్కపెట్టేది ప్రేక్షకుడు, దొరికిన వేషంలో ఎంతమంది మనుషుల్ని చూపించాడో చూసేది నటుడు అని ఆయన వాదన. దసరా సెలవుల్లో దర్శిలో, అద్దంకి రోడ్డు పక్కన ఉన్న ఆయన ఇంటి వరండాలో ఈ వాదన ఒక పూటంతా నడిచింది.

మామ ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే సెలవు పెట్టుకుని మార్టూరు, చిలకలూరిపేట పరిషత్తుల్లో నాటకాలు వేసొచ్చేవాడు. అల్లుడు ఆయన అక్క కొడుకు. పుట్టింది, పెరిగింది గిద్దలూరు. మార్కాపురంలో ఇంటర్ పిల్లలకు తెలుగు చెబుతాడు.

మొన్నటిదాకా ఇద్దరిదీ ఒకే జిల్లా అని పైకి కనిపించేది గానీ, ఆ జిల్లా వయసు ఎంత? 1970 దాకా గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. దర్శి, పొదిలి నెల్లూరు జిల్లా. గుంటూరు నుంచి కొంత, నెల్లూరు నుంచి కొంత, కర్నూలు నుంచి కొంత తెచ్చి ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా కట్టారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. కాగితం మీద గీత మారింది గానీ నాలుక మీద మాట మారలేదు. జయప్రకాశ్ రెడ్డి సొంతూరు శిరివెళ్ల. నల్లమలకు ఆ పక్కన, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో ఉంటుంది. గిద్దలూరు నుంచి ఘాట్ రోడ్డు దాటితే వచ్చే సీమ అది. కాబట్టి తెర మీద జేపీ మాట్లాడిన మాట అల్లుడికి పక్కింటి మాట, మామకు పొరుగూరి మాట. వాదన అంతా ఈ దూరం మీదే నడిచింది.

"మామా, నేను అడిగేది ఒకటే," అన్నాడు అల్లుడు. "రంగారావు గారు 1950లో 'షావుకారు'లో సున్నం రంగడు. మరుసటేడు 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు. 1957లో 'మాయాబజార్'లో ఘటోత్కచుడు. 1963లో 'నర్తనశాల'లో కీచకుడు, దానికి జకార్తాలో ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడు. ఈ నలుగురికీ నడక ఒకటి కాదు, నవ్వు ఒకటి కాదు, మాట ఒకటి కాదు. ఆయన్ను బహుముఖ నటుడు అంటే నోరు మూసుకుంటా. జేపీకి ఏముంది? కోరమీసం, తెల్ల చొక్కా, మా సీమ యాస. ఫ్యాక్షనిస్టుగా ఆ యాసే, కమెడియన్‌గా ఆ యాసే, పోలీసుగా ఆ యాసే. పాత్ర మారినా మాట మారకపోతే అది బహుముఖం ఎట్లయితాది?"

మామ నవ్వలేదు, కోప్పడలేదు. "నువ్వు పాఠం చెప్పే మనిషివి, వరస బానే చెప్పావు. కానీ రంగారావుకు నేపాళ మాంత్రికుణ్ణి రాసి ఇచ్చింది పింగళి నాగేంద్రరావు. ఘటోత్కచుణ్ణి ఇచ్చిందీ ఆయనే. వెనకాల విజయా వాళ్లు, కె.వి. రెడ్డి. ఈయనకు ఎవరేం ఇచ్చారో అది కూడా చెప్పు. అప్పుడు మాట్లాడుకుందాం."

జేపీకి ఎవరేం ఇచ్చారన్నది చూడదగ్గ ప్రశ్నే. తండ్రి పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరు. బదిలీల ఇల్లు. చదువు కొంత నెల్లూరులో, కొంత అనంతపురంలో. ఆ తర్వాత గుంటూరులో లెక్కల మాస్టారు ఉద్యోగం. సాయంత్రాలు నాటకాలు. నల్గొండలో ఆయన నాటకం చూసిన దాసరి నారాయణరావు, ఈ మనిషి సినిమాకు పనికొస్తాడని నిర్మాత రామానాయుడికి చెప్పడం, 1988లో 'బ్రహ్మపుత్రుడు'లో తొలి వేషం పడటం ఆయన జీవితంలో మొదటి మలుపు. మలుపు అన్నామే గానీ దారి అక్కడితో సాఫీ కాలేదు. చిన్నాచితకా వేషాలతో సంసారం గడవక మళ్లీ గుంటూరు వచ్చి పాఠాలు చెప్పుకున్నారు. పిలుపు రెండోసారి వచ్చేసరికి 1997. సురేష్ సంస్థ తీసిన 'ప్రేమించుకుందాం రా'లో వీరభద్రయ్య పాత్ర. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. తెలుగు తెర మీద చాలామందికి వేషాలు తగ్గే వయసులో ఈయనకు అసలు వేషం మొదలైంది.

"అదిగో, అదే నేను చెప్తాండేది," అల్లుడు అందుకున్నాడు. "వీరభద్రయ్య హిట్టయ్యాడు. అంతే, ఆ తలుపు మూసేసి తాళం పెట్టినారు. 1999లో 'సమరసింహారెడ్డి'లో వీరరాఘవరెడ్డి. 2000లో 'జయం మనదేరా', దానికి ఉత్తమ ప్రతినాయకుడిగా నంది. ఆ వెనకాలే 'నరసింహనాయుడు', 'చెన్నకేశవరెడ్డి'. నాలుగైదేండ్లు తెలుగు సినిమాలో సుమోలు లేస్తానే ఉండాయి, వాటిల్లో నుంచి ఈయన దిగుతానే ఉండాడు. ఒక మనిషిని ఒక అచ్చులో పోసి, అదే అచ్చు పది సినిమాల్లో కొట్టినారు. దీన్ని కెరీర్ అనొచ్చు. వైవిధ్యం అనరాదు."

"నువ్వు వీరభద్రయ్యను, వీరరాఘవరెడ్డిని పక్కపక్కన పెట్టి చూశావా?"

"చూసినా."

"లేదురా అబ్బాయ్. యాస విన్నావు. మనిషిని చూళ్లా."

ఇక్కడ మామ లేచి నిలబడ్డాడు. చేతిలో పేపరు మడిచి మంచం మీద పడేశాడు. "ఒక్క మాట తీసుకుందాం. 'ఏమిరా'. అంతకంటే ఇంకేం వొద్దు." వరండా చివరికి పోయి, స్తంభం పక్కన నిలబడి, రెండు సార్లు అన్నాడు.

మొదటిసారి ఆయన కళ్లు ముందు వచ్చాయి. మెడ తిరగలేదు, ఒట్టి కనుగుడ్లు తిరిగి అల్లుడి మీద ఆగాయి. ఆగిన తర్వాత ఊపిరి ఒకటి తీసి, కింది పెదవి కదిలీ కదలకుండా మాట వదిలాడు. 'ఏ' మీద బరువు లేదు. 'రా' మాత్రం కిందికి జారి, జారిన చోటే ఆగిపోయింది. అది ప్రశ్న కాదు. జవాబు చెప్పే వ్యవధి ఎదుటివాడికి ఇవ్వని మాట అది.

రెండోసారి మాట ముందు వచ్చింది. గొంతు అదే, ఎత్తు అదే, యాస అదే. కాకపోతే మాట బయటపడిన తర్వాత కళ్లు వెతుక్కుంటూ వచ్చాయి, ఎవరి మీద కేక వేశానా అన్నట్టు. 'ఏ' సాగింది, 'రా' పైకి లేచింది, లేచి నిలబడటానికి చోటు దొరక్క తడబడింది. లోపల నుంచి ఆ మాట విన్న అత్త పక్కున నవ్వింది.

"గొంతు మార్చానా? యాస మార్చానా?" అన్నాడు మామ మళ్లీ కూర్చుంటూ. "మొదటిది 1997. రెండోది 2008, 'రెడీ'లో చిట్టినాయుడు. కళ్లు ముందొచ్చినాయా మాట ముందొచ్చిందా, అంతే తేడా. అదే మీసం, అదే కండువా, చుట్టూ అదే మనుషులు. ఒకచోట భయం, ఇంకోచోట నవ్వు. వేషం మార్చి వేరే మనిషివి కావడం ఒక విద్య. వేషం మార్చకుండా కావడం ఇంకా కష్టమైన విద్య."

అది ఒట్టి అభిమానం మాట కాదు. శ్రీను వైట్ల 'రెడీ'లో పెద్దినాయుడిగా కోట శ్రీనివాసరావు, చిట్టినాయుడిగా జేపీ ఉంటారు. మేనకోడలి ఆస్తి కోసం ఎవరి కొడుక్కి వాళ్లు ఆ పిల్లను కట్టబెట్టాలని చూసే అన్నదమ్ములు. కాగితం మీద చదివితే వీళ్లు ఫ్యాక్షన్ సినిమా విలన్లే: తుపాకులు, అనుచరులు, హుకుం. కథలో నవ్వు పుట్టించే బాధ్యత పైకి చూస్తే బ్రహ్మానందం వేసిన మెక్‌డొవెల్ మూర్తిది. కానీ మూర్తి భయపడుతుంటే మనకు నవ్వు రావాలంటే, అవతల భయపెట్టేవాడు తన మానాన తాను నిజంగానే పెద్దమనిషినని నమ్మాలి. జేపీ ఆ నమ్మకాన్ని ఒక్క క్షణం కూడా జారనివ్వరు. నేను హాస్యం చేస్తున్నాను చూడండి అన్న ఛాయ మొహం మీద ఎక్కడా కనపడదు.

అల్లుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒప్పుకుంటా," అన్నాడు. "నటుడిగా ఆ పనితనం ఉంది. నేను లేదనలా. కానీ ఇంకొక ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పాల. చదువుకోను నేను హైదరాబాద్ పోయిన మొదటి వారం, హాస్టల్లో నోరు తెరిచి 'ఏంటికి' అన్నా. అంతే. మీ ఇంట్లో బాంబులుంటాయా అని ఒకడు, మీ నాయనకు సుమో ఉందా అని ఇంకొకడు. మా నాయన మార్కాపురంలో పలకల క్వారీలో గుమాస్తా. సైకిల్ తప్ప ఏ బండీ తెలీదు. మేం మాట్లాడే మాటను దేశమంతా కత్తి మాటగా చూసింది. పదేండ్ల తర్వాత నవ్వే మాటగా చూసింది. మధ్యలో మామూలు మాటగా ఎప్పుడు చూసింది? ఆ పాపంలో జేపీకి వాటా లేదా?"

అల్లుడి ప్రశ్నలో నొప్పి ఉంది, నిజమూ ఉంది. ఫ్యాక్షన్ సినిమాల్లో హీరో కూడా సీమవాడే. అయినా హీరో నోట పరుచూరి సోదరుల పెద్ద పెద్ద సంభాషణలు, నిండైన సినిమా తెలుగు. యాస విలన్‌కు, విలన్ అనుచరులకు. ఒకే ఊళ్లో, ఒకే కులంలో, కొన్నిసార్లు ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు మనుషులు రెండు రకాల తెలుగు మాట్లాడతారు; మంచివాడెవరో చెడ్డవాడెవరో వినగానే తెలిసిపోయేలా. ఇది సీమతో మొదలైన జబ్బు కాదు. 1985లో ఒంగోలు ప్రాంతం నుంచి వెళ్లిన టి. కృష్ణ 'ప్రతిఘటన' తీసినప్పుడు కాశయ్య పాత్రకు తెలంగాణ మాట పెట్టారు. కాశయ్యగా వేసిన కోట శ్రీనివాసరావుది కృష్ణా జిల్లా కంకిపాడు. కోట ఆ పాత్రతో పైకి వచ్చారు. తెలంగాణ వాళ్లు మాత్రం మా మాట దుర్మార్గుడికీ బఫూన్‌కేనా అని ఏళ్ల తరబడి అడుగుతూనే వచ్చారు. అడగాల్సిన ప్రశ్నే అది.

మామ ఈ సంగతి కాదనలేదు. "వాటా ఉందా అంటే, ఉంది. నటుడికి రాయి తగలకూడదని నేనెందుకంటాను? కానీ పాపాన్ని కొలిచేటప్పుడు ఎవరి వాటా ఎంతో చూడాల. కథ రాసినోడు ఆయన కాదు, తీసినోడు ఆయన కాదు. ఇంకో సంగతి. ఆయనకు ముందు సీమ మాట తెర మీద ఎట్టా ఉండేది? ప్రతి వాక్యం చివర ఓ 'రా', ఓ 'బ్బా' తగిలిస్తే సీమ యాస అయిపోయిందనుకునేవాళ్లు. నేను ముప్పై ఏళ్లు టిక్కెట్లు కొట్టినోణ్ణి. పొదిలిలో ఎక్కినోడు ఎట్టా అడుగుతాడు, కంభంలో ఎక్కినోడు ఎట్టా అడుగుతాడు, గిద్దలూరులో దిగేవాడు చిల్లర ఎట్టా గదమాయిస్తాడు, కళ్లు మూసుకుని చెబుతాను. ఆ చెవితో చెప్తుండా, జేపీది తగిలించుకున్న యాస కాదు. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ మింగాలో, తెలిసిన మాట. చిన్నప్పుడే నెల్లూరు, ఆ తర్వాత గుంటూరు. పాఠాలు చెప్పింది గుంటూరు పిల్లలకు. ఆ మనిషి నోట్లో మొదట్నించీ అంత చిక్కని సీమ మాట ఉంటుందా? వీరభద్రయ్య వేషం చేతికొచ్చాక సీమ ఊళ్లల్లో తిరిగి, జనం మాట్లాడేది విని నేర్చుకున్నానని ఆయనే చెప్పేవాడు. యాభై ఏళ్ల వయసులో, సొంత గడ్డ మాటను మళ్లీ పాఠంలా నేర్చుకున్న మనిషి. దాన్ని ఎగతాళి అంటావా?"

"నేర్చుకోవడం గొప్పే. ఆ నేర్చిన మాటతో ఏం పలికించినారనేది కదా?"

"పలికించినోళ్లను అడుగు!"

అత్త టీ గ్లాసులు తెచ్చి పెట్టింది. ఆమె పుట్టిల్లు కంభం. దర్శికి కోడలుగా వచ్చిన కొత్తలో ఆమె మాటకు ఈ ఇంట్లోనే నవ్వేవాళ్లట. "మీరిద్దరూ ఏవేవో చెప్తాండారు గానీ," అంది గ్లాసు అల్లుడి చేతికిస్తూ, "నేను ఇంట్లో మాట్లాడితే మీ మామ చెల్లెళ్లు నవ్వేటోళ్లు. టీవీలో ఆయన సినిమా వస్తే మాత్రం అంతా చేరి, వదినా, ఇప్పుడాయన అన్నది నువ్వు అన్నట్టే ఉంది, ఇంకొకసారి అను అని అడిగేటోళ్లు. అప్పుడు నాకు నామోషీ కాలా. నా మాట ఇంకొకరి నోట్లో, అంత గట్టిగా, అంత ధైర్యంగా వినపడింది అదే మొదటిసారి." ఆ మాట చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

ఒక మాటకు తెర మీద చోటు దొరకడం వేరు, గౌరవం దొరకడం వేరు. అత్త చెప్పింది మొదటిదాన్ని గురించి, అల్లుడు అడుగుతున్నది రెండోదాన్ని. ఈ రెంటి మధ్య ఎంత కాలం పడుతుందో తెలుగు సినిమానే చూపించింది. 2018లో 'అరవింద సమేత'లో జగపతిబాబు బసిరెడ్డిగా సీమ మాట మాట్లాడారు, అదీ విలన్ పాత్రే; కాకపోతే ఆ మాట వెనక మనిషి రక్తమాంసాలతో ఉన్నాడు. 2021లో 'పుష్ప' వచ్చేసరికి చిత్తూరు మాట హీరో నోట్లోకి వచ్చింది. ఆ పాత్రకే అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం దక్కింది, తెలుగు నటుల్లో మొదటిసారిగా. 1997 నుంచి 2021 దాకా ఇరవై నాలుగేళ్లు. సీమ మాట విలన్ ఇంటి నుంచి బయల్దేరి హీరో ఇంటికి చేరడానికి అంత కాలం పట్టింది.

"ఆ దారి మొదట్లో మైలురాయి జేపీ," అన్నాడు మామ.

"మైలురాయిని ఎవరూ నటుడనరు మామా," అన్నాడు అల్లుడు. "దారి ఎవరు వేసినారనేది చరిత్ర. నేను అడిగేది నటుడి గురించి. తమిళంలోకి పోయినాడు కదా, 2005లో సూర్యతో 'ఆరు' చేసినాడు. అక్కడ మన యాస లేదు. ఈ మాట అండ లేకుండా ఆయన ఏం చేయగలడో చూపించే అవకాశం అది. ఏం ఇచ్చినారు? అక్కడా విలనే. ఊరు మారినా ఆయన చేతిలో పెట్టేది మాత్రం మారలా. ఒక తండ్రిగా, కొడుకు పోయిన మనిషిగా, అప్పులపాలైన రైతుగా, కనీసం బడి మాస్టారుగా ఆయన్ను ఒక సినిమా నిండా చూపించినారా? ఆయన నిజంగా మాస్టారు! లెక్కలు చెప్పిన మనిషి! ఆ జీవితాన్ని సినిమా ఒక్కసారైనా వాడుకుందా? వాడుకోలేదు కాబట్టే నేను బహుముఖ నటుడు అనను. ఉన్నాయేమో ఆయనలో పది ముఖాలు. మనకు చూపించింది రెండు. చూడని దాన్ని నేను ఎట్ల మెచ్చుకోవాల?"

వాదనలో బరువైన మాట ఇదే. మామ చేతిలో దీనికి జవాబు ఉంది, అదే ఆయన చివరి దాకా దాచుకున్నది కూడా.

"సినిమా చూపించలా. నిజం. నాటకం చూపించింది."

జయప్రకాశ్ రెడ్డి తెర మీద సంపాదించిన పేరును తీసుకెళ్లి మళ్లీ రంగస్థలం మీదే ఖర్చు పెట్టారు. పూసల రాసిన 'అలెగ్జాండర్' నాటకాన్ని ఆయన ఒక్కరే ఆడేవారు. సుమారు వంద నిమిషాలు. రంగం మీద ఇంకో మనిషి ఉండడు. సినిమా విలన్‌గా ఊరూరా తెలిసిన మనిషి, వయసు మీద పడ్డాక, తనకు ఎక్కువ డబ్బు తెచ్చే పని చేస్తూనే ఇందులోకి దిగారు. తర్వాత దాన్నే సినిమాగా కూడా తీసుకున్నారు. గుంటూరులో నెలనెలా నాటకాలు ఆడించే ఏర్పాటు కూడా చేశారు.

నాటకం వేసినవాళ్లకు వంద నిమిషాలంటే ఏంటో తెలుసు. ఇద్దరున్న రంగంలో ఒకడు మాట మరచిపోతే ఇంకొకడు అందిస్తాడు. ఎదుటివాడి మొహం చూసి మన మొహం కదులుతుంది. ఊపిరి తీసుకోవడానికి ఎదుటివాడి సంభాషణ చోటు ఇస్తుంది. ఏకపాత్రలో ఇవేవీ ఉండవు. మామ పరిషత్తు నాటకాల్లో ఇరవై నిమిషాల ఏకపాత్ర ఒకటి వేశాడట. "పన్నెండో నిమిషానికి జనం కుర్చీల్లో కదలడం మొదలవుతుంది. ఆ కదలిక నీకు వినపడుతుంది. వినపడిందో, నువ్వు గొంతు పెంచుతావు. గొంతు పెంచావో, చచ్చావు. ఇంకా ఎనిమిది నిమిషాలు ఆ ఎత్తులో నిలబడలేవు. అట్టాంటిది వంద నిమిషాలు ఒక మనిషి జనాన్ని పట్టుకున్నాడంటే, ఒక్క ముఖంతో పట్టుకోగలడా? ఒక్క ముఖం పదిహేను నిమిషాలకు ఖాళీ అయిపోతుందిరా. పది ముఖాలూ చూపిస్తేనే పూర్తవుతుంది. నువ్వు అడిగిన ముఖాలన్నీ ఆయన అక్కడ పెట్టాడు. నువ్వు పోయి చూళ్లా. అది ఆయన తప్పా?"

"మా గిద్దలూరుకు ఆ నాటకం వచ్చిందా?"

"రాకపోయుంటే పిలవాల్సింది మనం."

ఈ వ్యాసం మొగ్గు మామ వైపే. బహుముఖం అన్న మాటను సినిమా లెక్కతోనే కొలవాలన్న పట్టుదలలో ఒక అన్యాయం ఉంది. పాత్రల పంపకం నటుడి చేతుల్లో ఉండదు. ఆయన చేతిలో ఉన్నది దొరికిన పాత్రను మళ్లీ మళ్లీ ఒకేలా చేయకుండా ఉండటం, దొరకని పాత్రను వేరే చోట వెతుక్కోవడం. జేపీ రెండూ చేశారు. అయితే అల్లుడి ఫిర్యాదు ఇంతటితో కొట్టిపారేసేది కాదు. అది నటుడి మీది ఫిర్యాదు కాదని తేలిందే తప్ప, ఫిర్యాదు తప్పని తేలలేదు. కోట శ్రీనివాసరావుకు కాశయ్య తర్వాత రెండేళ్లకే, 1987లో, జంధ్యాల 'అహ నా పెళ్ళంట!'లో పిసినారి లక్ష్మీపతిని ఇచ్చారు. అక్కడ మాట వేరు, నడక వేరు, కట్టుకున్న బట్ట వేరు. ఆ ఒక్క పాత్రతో కోటకు అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. జేపీకి అలాంటి లక్ష్మీపతి దొరకలేదు. దొరికిన హాస్య పాత్రలన్నీ ఫ్యాక్షనిస్టు నీడలోనే పుట్టాయి. 2020 సంక్రాంతికి వచ్చిన 'సరిలేరు నీకెవ్వరు' దాకా అదే నీడ. ఆ ఏడాది సెప్టెంబర్ 8న గుంటూరులో గుండెపోటుతో కన్నుమూశారు. తెలుగు రచయితలూ దర్శకులూ ఆయనకు బాకీ ఉన్న పాత్రలు అలాగే మిగిలిపోయాయి.

సాయంత్రానికి వాదన వేరే దారి పట్టింది. అల్లుడు, "అయితే మామా, రాయనివాళ్లను తిట్టడం ఎందుకు, మనమే రాద్దాం," అన్నాడు. సీమ మనిషి, చంపనోడు, నవ్వించనోడు. పలకల క్వారీలో లెక్కలు రాసే గుమాస్తా. కూతురి పెళ్లికి అప్పు చేసి, క్వారీ మూతపడి, గిద్దలూరు నుంచి గుంటూరుకు కూలికి పోవాల్సొచ్చిన మనిషి. ఏకపాత్ర. ముప్పై నిమిషాలు. పరిషత్తుకు పంపుదాం.

మామ కళ్లలో వెలుగు వచ్చింది. "వేసేది నేనే."

"నువ్వే వెయ్. ఒక్కటే షరతు. నీ దర్శి మాటలోనే వెయ్. యాస పెట్టొద్దు. ఈ ఒక్కసారైనా మనిషిని చూడనీ, యాసను కాదు."

"కుదరదు," అన్నాడు మామ వెంటనే. "గిద్దలూరు గుమాస్తా గిద్దలూరు మాటే మాట్లాడాల. యాస తీసేస్తే నువ్వు హైదరాబాద్ హాస్టలు పిల్లలకు భయపడినట్టే. అదే మాటలో ఏడిస్తే జనం ఏడవాల. అప్పుడు కదా నీ ప్రశ్నకు జవాబు?"

అల్లుడు ఒప్పుకోలేదు. కత్తి మాటగా విన్న చెవులు అదే మాటలో ఏడుపు వింటే మొదటి అయిదు నిమిషాలు నవ్వుతాయి, ఆ నవ్వును ఎవరు ఆపుతారు అన్నాడు. ఆ అయిదు నిమిషాలు ఆపేది నా పని, నువ్వు రాయి అన్నాడు మామ. రెండో రంగం సంగతి తర్వాత, ముందు సెలవులు అయిపోయేలోగా క్వారీ మూతపడే రంగం రాసి పంపాలని, దాంట్లో ఒక్క 'ఏంటికి' కూడా కొట్టేయకూడదని పట్టుబట్టాడు. అల్లుడు రాత్రి మార్కాపురం బస్సెక్కే ముందు కూడా, రెండు రకాలుగా రాసి పంపుతా, రెండూ చదివి చూడు అనే అన్నాడు.